ప్రాస - పసివాని చదువు

మనుష్యజాతికి మాట ముందు, లిపి తరువాత. ప్రతి శిశువునకును అట్టిదే. అయిదవ ఏట బడిలో అడుగిడు పిల్లవాడు అప్పటికే వేలకొలది మాటలను చెవితో గ్రహించియున్నాడు. అడుగుటయు, అలుగుటయు, బతిమాలుటయు, కథ చెప్పుటయు అతనికి తెలియును. తన భాషలోని వ్యాకరణము పేరెరుగకయే దానిని తప్పక పాటించును. అట్టివాని చేతికి పలకనిచ్చి, మొదటి దినముననే వంకర గీతలను దిద్దుమందుము. ఆ గీతలకును, తాను నిత్యము పలుకు మాటలకును గల సంబంధమేమో అతనికి తెలియదు. చెవికి తెలిసినదానిని కంటికి తెలుపుటయే చదువు నేర్పుట. ఈ రెంటి నడుమ వంతెన కట్టుటకు తగిన సాధనములలో ప్రాస ఒకటి. అది పండితులు కావ్యములకై సృజించిన అలంకారమని కొందరి తలంపు. కాని తొట్టెలోని శిశువు కావ్యములెరుగకయే ప్రాసకు చెవియొగ్గును.

ఇది వినోదమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. మొదటి తరగతి వాచకమును చేతబట్టి, బొమ్మను చూచి, పాఠమంతయు గడగడ అప్పగించు పిల్లలు ప్రతి పాఠశాలలోను గలరు. పుస్తకమును తలక్రిందుగా పట్టించినను వారి పఠనమునకు ఆటంకము కలుగదు. అది కంఠపాఠమేగాని చదువు కాదు. మొదటి రెండు తరగతులలో ఈ లోపము బయటపడదు. మూడవ తరగతిలో పాఠములు దీర్ఘములై, గణితమును, పరిసరవిజ్ఞానమును చదివి గ్రహింపవలసివచ్చినపుడు ఆ బాలుడు నిలిచిపోవును. నాటినుండి బడి అతనికి భారమగును. మూడవ తరగతి ముగియునాటికి పిల్లలందరును అర్థముతో చదువగలుగవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము నిర్దేశించినది. ఆ లక్ష్యమును 2026-27 నాటికి సాధింపవలెనని 2021లో నిపుణ్ భారత్ అను పథకమును ప్రారంభించిరి. గడువులు విధించుట ప్రభుత్వముల పని. గడువులోపల పిల్లవాని నోట మాటను, కంట అక్షరమును కలుపుట ఉపాధ్యాయుని పని.

మన పూర్వులు ఈ పనిని ఎట్లు చేసిరి? వీధిబడిలో ఇసుకపై వ్రేలితో దిద్దుటయు, దిద్దుచు బిగ్గరగా పలుకుటయు ఏకకాలమున జరిగెడివి. చేయి, కన్ను, నోరు, చెవి కలిసి పనిచేసెడివి. 1832లో పుదూరి సీతారామశాస్త్రి బాలశిక్షను రచించిన నాటినుండి అక్షరములు, గుణింతములు, చిన్నమాటలు, పెద్దమాటలు అను క్రమము అచ్చుపుస్తకములందు స్థిరపడినది. ఈ పద్ధతి గుణము గొప్పది. గుణింతమును రాగయుక్తముగా చదివించుటవలన అచ్చుల క్రమము నాలుకపై నిలిచెడిది. కాని దానిలోనే ఒక లోపమును గలదు. వరుసలో చెప్పినవాడు వరుస తప్పించి అడిగినచో తడబడును. 'కి' అను అక్షరమొక్కటే చూపినచో, క నుండి మొదలిడి, వ్రేళ్ళు మడచుచు, దానికడకు వచ్చి చెప్పు పిల్లలను నేటికిని చూడవచ్చును. వరుస తెలియుట వేరు, వరుసలో దాగియున్న సూత్రము తెలియుట వేరు.

ఆ సూత్రమేమి? ప్రతి మాటయు ముక్కలుగా విడిపోవుననియు, ఆ ముక్కలు వేరు మాటలలో మరల కానవచ్చుననియు గ్రహించుట. మాటను పలుకునప్పుడు మనస్సు అర్థముమీద నిలుచును. 'పిల్లి' అనగానే పిల్లవానికి మీసములు, తోక, పాలగిన్నె తోచునుగాని, 'పి', 'ల్లి' అను రెండు ముక్కలు తోచవు. 'పిల్లి', 'పీత' అను మాటలలో ఏది పెద్దదని అడిగినచో, పిల్లియే పెద్దదని చెప్పును. అతడు చెప్పినది జంతువులనుగూర్చి, మాటలనుగూర్చి కాదు. అర్థమునుండి దృష్టిని క్షణకాలము మరలించి, శబ్దముమీద నిలుపు శక్తి ప్రాసకు గలదు. 'పిల్లి' ప్రక్కన 'బల్లి' యును, 'మల్లి' యును చేరినచో, అర్థములు మూడు దారుల పోవును, శబ్దము మాత్రము ఒక్కచోట నిలుచును. ఆ నిలిచినదేదో పిల్లవాడు పట్టుకొనును.

తెలుగు ఇండ్లలో ఈ శిక్షణ బడికి పూర్వమే ఆరంభమయ్యెడిది. కాళ్ళాగజ్జ ఆటలో పిల్లలు కాళ్ళు చాపి వరుసగా కూర్చుందురు. పెద్దవారొకరు పాట పాడుచు, ఒక్కొక్క కాలిని తాకుచు పోవుదురు. పాట ఏ కాలిమీద ముగిసిన ఆ కాలు ముడుచుకొనవలెను. ఆటలో గెలుపోటములు పాటయొక్క విభాగముమీద ఆధారపడియున్నవి. ఒక తాకు ఎక్కువైనను తక్కువైనను కాలు మారిపోవును గనుక పిల్లలు చెవులు రిక్కించి వినెదరు. చెమ్మచెక్కలో చప్పట్లు, ఉయ్యాలపాటలో ఊపు, వడ్లుదంచు పాటలో రోకటిపోటు - ఇవన్నియు మాటను కాలముతో కొలుచుటయే. ఛందశ్శాస్త్రమున మాత్ర అను పేరుగల కొలత పిల్లవాని అరచేతులకు ముందే పరిచయమైనది. ఈ విద్య నేర్పిన అమ్మమ్మలలోను, నాయనమ్మలలోను పెక్కురు అక్షరజ్ఞానము లేనివారే.

ప్రాసకును చదువునకును గల సంబంధమును ఆధునికులు ప్రయోగపూర్వకముగా శోధించిరి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ అనువారు ఇంకను చదువనేరని, నాలుగైదేండ్ల వయస్సుగల 400 మందికి పైబడిన పిల్లలను పరీక్షించిరి. మూడు నాలుగు మాటలను వినిపించి, వానిలో ధ్వని కలియని మాట యేదని అడిగిరి. పిదప కొన్ని సంవత్సరములవరకు ఆ పిల్లల చదువును గమనించిరి. తొలిపరీక్షలో చెవి చురుకుదనము చూపినవారు తరువాత చదువుటలోను, వర్ణక్రమములోను ముందుండిరి. అంతటితో ఆగక, ఆ పరీక్షలో వెనుకబడిన 65 మందిని నాలుగు వర్గములు చేసి, శిక్షణపొందు వర్గములలోని ఒక్కొక్కరికి రెండేండ్లలో 40 పాఠములు చెప్పిరి. ఒక వర్గమునకు మాటలను ధ్వనినిబట్టి వేరుపరచుట మాత్రము నేర్పిరి. మరియొక వర్గమునకు ధ్వనితోపాటు ప్లాస్టిక్ అక్షరములను చేతికిచ్చి, ఏ ధ్వని ఏ అక్షరమో చూపిరి. మూడవ వర్గమువారు మాటలను అర్థమునుబట్టి వేరుపరచిరి. నాలుగవ వర్గమునకు శిక్షణ లేదు. ధ్వనిని, అక్షరమును కలిపి నేర్చినవారే అందరికంటె ముందు నిలిచిరి. ఈ ఫలితములు 1983లో వెలువడినవి.

అదే బృందమువారు 1987, 1989 సంవత్సరములలో ప్రకటించిన మరి రెండు వ్యాసములలో, మూడేండ్లు దాటిన అరువదిమందికి పైగా పిల్లలకు ఎన్ని శిశుగీతములు తెలియునో కనుగొని, ఆ పరిచయమునకును తరువాతి చదువునకును పొత్తు గలదని చూపిరి. పిల్లల బుద్ధిబలములోను, కుటుంబస్థితిలోను గల భేదములను లెక్కలోనికి తీసికొన్న పిదపను ఆ పొత్తు నిలిచినది. అయినను, 1997లో వెలువడిన మరియొక ఆంగ్లపరిశోధన ఒక హెచ్చరిక చేసినది. చదువు మొదలిడిన తొలి సంవత్సరములలో ప్రాసను గుర్తించుటకంటె మాటను చిన్న ధ్వనులుగా విడగొట్టగల నేర్పే ఎక్కువగా పనికివచ్చునని అది చెప్పినది. ఈ రెండు మాటలకును విరోధము లేదు. ప్రాస తలుపు తెరచును. ఇంటిలోనికి ప్రవేశించుటకు అక్షరజ్ఞానముతోడి ధ్వనివిభాగము కావలెను. ప్రాసగీతములను పాడించి ఊరకున్న ఉపాధ్యాయుడు పిల్లలను వాకిటనే నిలిపినవాడగును.

ధ్వనివిభాగము దానంతట అది వచ్చునది కాదనుటకు వేరొక నిదర్శనము గలదు. 1979లో పోర్చుగల్ దేశమున చదువురాని పెద్దలను, పెద్దయైన తరువాత చదువు నేర్చినవారిని పోల్చి చూచిరి. మాట మొదటనున్న ఒక్క ధ్వనిని తీసివేసి పలుకుట, చేర్చి పలుకుట చదువురానివారికి మిక్కిలి కష్టమయ్యెను. చదువు నేర్చినవారు దానిని సులభముగా చేసిరి. జీవితమంతయు మాటాడినను, లిపి పరిచయము లేనిదే మాటలోని అతిసూక్ష్మమైన ధ్వని చెవికి విడివడదు. కాబట్టి చెవి కంటికి దారిచూపుట యెట్లో, కన్ను చెవిని పదునుపెట్టుటయు అట్లే.

ప్రాసను పఠనమునకు వినియోగించిన ప్రసిద్ధోదాహరణము అమెరికాలోనిది. బడిపుస్తకములు నీరసములగుటచేతనే పిల్లలు చదువుటలేదని 1954లో జాన్ హెర్సీ అను రచయిత లైఫ్ పత్రికలో విమర్శించెను. ఆ చర్చ ఫలితముగా, డాక్టర్ స్యూస్ అను పేర వ్రాయు థియొడార్ గైసెల్ 1957లో 'ది క్యాట్ ఇన్ ది హ్యాట్' అను పుస్తకమును ప్రకటించెను. దానిలో వాడిన వేరువేరు మాటలు 236 మాత్రమే. ఆ కొద్దిమాటలు ప్రాసతో మరల మరల రాగా, ఒక పాదము చివరిమాట చదివిన పిల్లవాడు రెండవ పాదము చివర ఏమి రాగలదో ఊహించి, ఊహను అక్షరములతో సరిచూచుకొనును. ఈ సరిచూచుకొనుటయే అందలి విద్యారహస్యము.

ఇక్కడ తెలుగువారు ఒక జాగ్రత్త వహింపవలెను. ఆంగ్లేయుల పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకొన్నచో ఫలము దక్కదు. క్యాట్, హ్యాట్, మ్యాట్ అను మాటలవలె ఆంగ్లములో చిన్నమాటలు తరచుగా హల్లుతో ముగియును. మొదటి హల్లు మారి, తక్కిన తునక మారక నిలుచుటయే వారి ప్రాస. తెలుగు అజంతభాష. మన మాటలు ప్రాయికముగా అచ్చుతో ముగియును. పైగా మాట చివర ప్రత్యయములు చేరును. 'లు' చేర్చినచో చెట్లు, మేకలు, పాటలు, పలకలు అన్నియు ఒక్కటే తీరున ముగియును. 'వచ్చెను, పోయెను, చూచెను' అన్నచో అంత్యప్రాస అప్రయత్నముగా కుదిరిపోవును. ఇట్టి ప్రాస చెవికి ఇంపుగానుండవచ్చునుగాని, పిల్లవానికి క్రొత్తగా నేర్పునది స్వల్పము. నేటి శిశుగీతములలో పెక్కింటి బలహీనత ఇదియే. చివర 'అండి', 'రండి' అని కలిపిన మాత్రమున అవి చదువునకు సోపానములు కాజాలవు.

తెలుగుకవులు పాటించిన ప్రాస వేరు. పాదముయొక్క రెండవ అక్షరమునందలి హల్లు నాలుగు పాదములలోను ఒక్కటే కావలెను. దానిపైనున్న అచ్చు మారవచ్చును. దానికి ముందున్న మొదటి అక్షరము గురువైనచో అన్ని పాదములలోను గురువే, లఘువైనచో లఘువే కావలెను. 'కడవ, గుడి, నడుము' అను మాటలు ప్రాసకు చెల్లును. మొదటిదానిలో డ, రెండవదానిలో డి, మూడవదానిలో డు ఉన్నవి. మూడింటను హల్లు ఒక్కటే. ఇది చిన్న సంగతి కాదు. తెలుగులిపి చదువుటలో మొదటి గొప్ప కష్టము డ, డి, డు అను మూడు రూపములలో ఒకే హల్లు గలదని కనుగొనుటయే. లాక్షణికులు కవులకు విధించిన నియమము, బాలునికి గుణింతరహస్యమును చెవిద్వారా చెప్పుచున్నది.

తెలుగులిపిలో బాలుని చిక్కుపెట్టు విషయములు ముఖ్యముగా నాలుగు: గుణింతము, హ్రస్వదీర్ఘభేదము, ఒత్తు, సున్న. ఈ నాలుగును ప్రాసనియమములలోనే ఇమిడియుండుట విశేషము. మాట, మీట, మూట, మేట, మోట అను అయిదు మాటలను వరుసగా పలికి చూడుడు. అన్నియు అర్థముగల మాటలే. రెండవ అక్షరము కదలక నిలిచినది. మొదటి అక్షరములో హల్లును నిలిచినది. మారినది అచ్చు ఒక్కటే. మకారగుణింతములోని దీర్ఘములన్నియు ఇందు బొమ్మకట్టినవి. గుణింతమును పాఠముగా అప్పగించు బాలునికి 'మీ', 'మూ' అనునవి అర్థములేని కూతలు. ఈ మాటలలో అవి వస్తువులకు పేర్లైనవి. మూటలోని కొమ్మును తీసి ఏత్వమిచ్చినచో మూట కాస్త మేటయైపోయినదని పలకపై చూచిన పిల్లవాడు నవ్వును. ఆ నవ్వుతోపాటు ఏత్వమును గుర్తుంచుకొనును.

ఒత్తును, సున్నను గూర్చియు ఇట్లే. 'బడి, బండి, బడ్డి' అను మూడు మాటలు కంటికి దాదాపుగా ఒక్కటే. 'గడి, గండి, గడ్డి' అనునవియు అంతే. తొందరలో చదువు బాలుడు ఒకదానికొకటి చదువును. కాని ప్రాసశాస్త్రము వీనిని కలియనీయదు. రెండవ అక్షరము ద్వితాక్షరమైనచో తక్కిన పాదములలోను ద్వితాక్షరమే ఉండవలెను. దానికి ముందు నిండుసున్న ఉన్నచో అంతటను సున్న ఉండవలెను. కావున బడి, గుడి, మడి ఒక కుటుంబము. బండి, గండి, కొండి రెండవ కుటుంబము. బడ్డి, గడ్డి, దొడ్డి మూడవ కుటుంబము. పిల్లలను మూడు జట్లుగా కూర్చుండబెట్టి, ఉపాధ్యాయుడొక మాట పలుకగా ఏ జట్టుదో ఆ జట్టువారు చేయెత్తవలెనన్న ఆట ఒక్కటి చాలును. 'పడు, పాడు', 'విడు, వీడు' అను జంటలతో హ్రస్వదీర్ఘములను ఇట్లే నేర్పవచ్చును. బండలు మ్రోగునట్లు వల్లించుటచే రాని వివేకము ఈ ఆటవలన వచ్చును.

యతిని గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. క, ఖ, గ, ఘ లకు పరస్పరము యతి చెల్లుననుట, ఇ, ఈ, ఎ, ఏ లకు మైత్రి గలదనుట ధ్వనుల జన్మస్థానమును గుర్తించిన వ్యవస్థ. వర్ణమాలలో అక్షరములు వర్గములుగా నిలిచినదియు ఆ కారణముననే. చిన్నపిల్లలకు ఈ శాస్త్రము అక్కరలేదు. కాని, ఒకే అక్షరముతో మొదలగు మాటలను గుప్పించి, నాలుక తిరుగని వాక్యములు పలికించు వినోదము ప్రతి ఊరను గలదు. మాట మొదటి ధ్వనిమీద దృష్టిని నిలుపుట ఆ వినోదముయొక్క ఫలము. ప్రాస రెండవ అక్షరమును చూపును, యతి మొదటి అక్షరమును చూపును, అంత్యప్రాస చివరను చూపును. మూడింటిచేతను మాట పూర్తిగా వెలుగులోనికి వచ్చును.

ఆంగ్లలిపితో పోల్చినచో తెలుగులిపికి ఒక సౌలభ్యము, ఒక కష్టము గలవు. వ్రాసినట్లు పలుకుట సౌలభ్యము. ఆంగ్లములో ఒకే ధ్వనితో ప్రాస కుదిరిన మాటలు వేరువేరు వర్ణక్రమములతో ఉండవచ్చును. తెలుగున ప్రాస చెవికి కుదిరినచో సాధారణముగా కంటికిని కుదురును. ఇక కష్టము అక్షరరూపముల సంఖ్య. ఒక్కొక్క హల్లునకు పండ్రెండుకు మించిన గుణింతరూపములును, వానిపై ఒత్తులును చేరగా వందలకొలది రూపములేర్పడును. తెలుగునకు సోదరియైన కన్నడమున సొనాలీ నాగ్ చేసి 2007లో ప్రకటించిన పరిశోధన దీనిని స్పష్టపరచినది. అక్షరములన్నింటిని వశపరచుకొనుట మొదటి ఏడాదితో ముగియక పై తరగతులకును సాగుననియు, అక్షరములోని హల్లును అచ్చును విడిగా గుర్తించు నేర్పు మెల్లమెల్లగా ఏర్పడుననియు తేలినది. కన్నడలిపి కూర్పు తెలుగులిపి వంటిదే. కావున మొదటి తరగతిలో గుణింతము ముగించితిమని తృప్తిపడుట తగదు. రెండు మూడు తరగతులలోను ప్రాసక్రీడలు సాగవలెను.

బడిలో దీనిని ఆచరించుటకు ధనము అక్కరలేదు. మొదట చెవి పని. మాటకు ఎన్ని చప్పట్లో కొట్టించుట, ప్రాస కలియని మాటను వెదకించుట, ఒక మాటకు జంటమాటను చెప్పించుట. 'పలక' అనగా 'చిలక', 'మొలక', 'గిలక' అని పిల్లలే తెచ్చియిత్తురు. రెండవది చెవియు కన్నును కలిసి చేయు పని. అట్టముక్కలపై అక్షరములు వ్రాసి, 'లక' అను రెండింటిని కదలింపక, ముందున్న అక్షరమును మాత్రము మార్చుచు పోవలెను. మూడవది పరీక్ష. ఇదివరకెన్నడును చూడని మాటను ఆ కుటుంబములోనే ఏర్పరచి చదివింపవలెను. అర్థములేని మాటయైనను మంచిదే. 'జులక' అని వ్రాసి చూపినపుడు తడబడక చదివి, 'అట్టి మాట లేదే!' అని అడిగిన పిల్లవానికి చదువు వచ్చినట్లే. కంఠపాఠము చేసినవాడు దానిని 'చిలక' అనియే చదువును.

ఈ పరీక్ష లేనిచో ప్రాస మేలుకంటె కీడే చేయవచ్చును. ప్రాసగీతము త్వరగా కంఠస్థమగును. అది దాని బలము. పఠనవిషయమున అదియే దాని అపాయము. పాట తెలిసిన పిల్లవాడు అక్షరములను చూడనక్కరలేదు. అందుచే పాట నోటికి వచ్చిన పిదప, దానిని పెద్ద అక్షరములతో వ్రాసి, ప్రతి మాట క్రిందను వ్రేలు పెట్టి పాడింపవలెను. నోరు ఒకచోట, వ్రేలు మరియొకచోట ఉన్నచో వెంటనే తెలియును. తరువాత పాటలో ఒక మాటను రహస్యముగా మార్చి వ్రాయవలెను. దొంగమాటను పట్టినవారు చదువుచున్నవారు. పట్టలేనివారికి ఇంకను తోడ్పాటు కావలెను. వారిని మందులని నిందించుటకు కారణము లేదు.

ధ్వనియు అక్షరమును కలియనిచోట్లు తెలుగునను కొన్ని గలవు. 'ల, ళ' లకును, 'శ, ష, స' లకును చాలమంది వాడుకలో భేదము కానరాదు. ఒత్తక్షరములు పెక్కు నోళ్ళలో ఒత్తు లేకయే పలుకబడును. 'నీళ్ళు' అను మాటను 'నీల్లు' అని వ్రాసిన బాలుడు తన చెవికి వినబడినదానిని నిజాయితీగా వ్రాసినవాడు. అతని చెవి మంచిదే. కంటికి మాత్రము ఇంకొంత అలవాటు కావలెను. ఇంటిమాటను తప్పని తోసివేసినచో, తన చెవిని తానే నమ్మరాదని అతనికి నేర్పినట్లగును. తెలంగాణములోను, రాయలసీమలోను, కళింగాంధ్రములోను, కోస్తాజిల్లాలలోను ఇంటింట వాడు మాటలతోనే ఆయా ప్రాంతముల ప్రాసకుటుంబములు ఏర్పడవలెను. వాచకములోని మాటలు అటుపిమ్మట చేరును.

ఇంటిభాష తెలుగు కాని పిల్లలకు ఇది మరింత ముఖ్యము. సవర, కోయ, గోండు, లంబాడీ కుటుంబముల పిల్లవాడు తెలుగు మాటల ప్రాసను ఎట్లు పోల్చగలడు? గిడుగు రామమూర్తి ఈ సంగతిని ఎన్నడో గ్రహించి, తాను సవరభాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవర పిల్లలకు పాఠశాలలు నెలకొల్పిరి. చాలకాలమునకు, 2004లో, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధనకు పూనుకొన్నది. ఆ భాషలకును లాలిపాటలు, ఆటపాటలు గలవు. వానిని సేకరించి మొదటి పలకపై నిలిపినచో, ఆ చెవి తరువాత తెలుగునకును పదునుగా ఉండును.

ఒక భాషలో అలవడిన శబ్దవివేకము మరియొక భాషకు ఉపకరించుననుట ఊహ కాదు. అమెరికాలో స్పానిష్ మాటాడు ఒకటవ తరగతి పిల్లలను పరిశీలించి 1993లో ప్రకటించిన వ్యాసమున, తమ భాషలో ధ్వనులను విడదీయనేర్చినవారు ఆంగ్లపదములను చదువుటలోను మెరుగుగా ఉండిరని చూపబడినది. ఆంగ్లమాధ్యమముపై మోజుతో, మూడేండ్ల పిల్లకు అర్థము తెలియని ఆంగ్ల శిశుగీతములను మాత్రమే నేర్పి తృప్తిపడు తలిదండ్రులు దీనిని గుర్తింపవలెను. ఆ గీతములలో దోషము లేదు. అవి ఆంగ్లమాటలాడు ఇండ్లలో పుట్టినవి, ఆ ఇంటి చెవికి తగినవి. కురియని మంచునుగూర్చియు, ఎన్నడును చూడని ఫలములనుగూర్చియు పాడు పిల్లకు ధ్వనియు స్పష్టముగా అందదు, అర్థమును అందదు. తెలుగు ప్రాసతో చెవి తెరచుకొన్న పిల్ల రేపు ఆంగ్లమును సులువుగా పట్టుకొనగలదు. తెలుగు పాట నేర్పుట ఆంగ్లమునకు అడ్డుగోడ కట్టుట కాదు.

పిల్లలకు పాట వ్రాయుట చిన్నపనియని తలంపక, పెద్దలు పూనుకొన్న కాలమొకటి మనకు గలదు. చింతా దీక్షితులు బాలసాహిత్యమునకు తమ ప్రతిభను వినియోగించిరి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు ఆకాశవాణిద్వారా పిల్లలచేతనే పాడించి, ఆడించి, 1945లో 'బాల' పత్రికను స్థాపించిరి. నాటి పిల్లలకు పాట మొదట చెవికి చేరి, తరువాత అచ్చులో కంటబడెడిది. నేడు చేతిలోని ఫోనులో పాటలకు కొదువలేదు. కాని ఆ తెరమీద బొమ్మ వేగముగా కదలును, మాట దానివెనుక పరుగెత్తును. పిల్ల చూచును, వినదు. తెర ఆపి, అదే పాటను తల్లి తన నోట పాడి, ఒక మాట దగ్గర ఆగి, తరువాతి మాటను పిల్ల పూరించునంతవరకు వేచియున్నచో, అప్పుడది పాఠమగును. యంత్రము వేచియుండదు. తల్లి వేచియుండగలదు.

కవులకును ఇందు ఒక పని గలదు. పాఠ్యగీతము వ్రాయుమన్నచో నీతిని దట్టించుట మనకు అలవాటైనది. అబద్ధమాడరాదనియు, పెద్దలను గౌరవింపవలెననియు చెప్పుటకు వేరు సమయములు గలవు. మొదటి పఠనమునకు కావలసినది కొద్దిమాటలు, గట్టి ప్రాస, కొంత అల్లరి. ఒకే హల్లును పలు గుణింతములతో త్రిప్పుచు, ఒకే ఒత్తును మరల మరల తెచ్చుచు, నవ్వు పుట్టించు పది గీతములు వ్రాయగల కవి ఒక వాచకసంఘము చేయలేని పనిని చేయగలడు. ఛందస్సు తెలిసినవారికి ఇది అందని పని కాదు. ప్రాసనియమమును శృంఖలయని విడిచినవారు సయితము, పిల్లలకొరకు దానిని ఒకపరి మరల చేపట్టవచ్చును.

అన్నింటికంటె ఊరటగొలుపు సంగతి మరియొకటి. బిడ్డకు చదువు చెప్పలేమని సంకోచించు నిరక్షరాస్యులైన తలిదండ్రులు లక్షలకొలది గలరు. ఇంటిలో చదివించువారు లేరని ఉపాధ్యాయులును వారినిగూర్చి నిట్టూర్తురు. కాని చదువుయొక్క మొదటిభాగము చెవి పనియైనపుడు, ఆ భాగమును నేర్పుటకు అక్షరజ్ఞానము అక్కరలేదు. నాటువేయు తల్లికి పాటలు తెలియును. మంచముపైనున్న నాయనమ్మకు పొడుపుకథలు తెలియును. వారిని నెలకొకసారి బడికి పిలిచి, పిల్లల నడుమ కూర్చుండబెట్టి, పాడుమని కోరి, ఆ మాటలనే ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసినచో, తన నాయనమ్మ నోటిమాట బల్లపై అక్షరములుగా నిలుచుట చూచిన పిల్లవానికి లిపియనగా నేమో వేరుగా వివరింపనక్కరలేదు. ఆ మాటను చదువుటకు అతడు తానే ముందునకు వచ్చును.